గళ్ళ జెండా దిగిన తర్వాత

అమెరికాలో సియాటిల్ దగ్గరి మా బాతెల్ ఊరి నడుమ సమామిష్ నది పారుతుంది. ఇప్పుడు దాని గట్టు మీద నడకకి వచ్చేవాళ్ళూ, సైకిళ్ళవాళ్ళూ తప్ప పెద్ద సందడేమీ ఉండదు. కానీ 1930లలో మొదలై 1970ల దాకా ఏటా వసంతకాలంలో ఈ నీళ్ళ మీద మోటారు పడవల పందెం జరిగేది. వాషింగ్టన్ సరస్సు వైపు నుంచి బయల్దేరిన చిన్న చిన్న పడవలు కెన్‌మోర్, బాతెల్, ఉడిన్‌విల్ మీదుగా సమామిష్ సరస్సు దాకా దూసుకుపోయేవి. అప్పటి నది అడుగడుగునా మెలికలే. 1960లలో సైన్యానికి చెందిన ఇంజినీర్లు దాన్ని తవ్వి తిన్నగా చేశారు. అంతకు ముందు, మలుపు తప్పిన పడవ నేరుగా గట్టెక్కి గడ్డిలో పడేది. జనం ఏరి కోరి అలాంటి మలుపుల దగ్గరే చేరేవాళ్ళు.

ఇదంతా నాకు చెప్పింది మా వీధిలో ఉండే ఒక పెద్దాయన. ఎనభై దాటాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని ఆ పందేలు చూశాడు. నేను ఫార్ములా వన్ చూస్తాననీ, పెనాల్టీల మీద మావాళ్ళతో గంటల తరబడి వాదిస్తాననీ తెలిసి, మీరు వాదించేది ఒక వారం, మేం ఎనభై అయిదు రోజులు వాదించాం అన్నాడు. ఆ ఎనభై అయిదు రోజుల సంగతి ఏమిటా అని పాత పుస్తకాలూ పత్రికలూ తిరగేస్తూ పోతే, ఒకదాని వెనక ఒకటి చాలా తగవులు బయటపడ్డాయి. గెలుపు ఎవరిదో కళ్ళారా చూసిన జనం, అది వాళ్ళది కాదు వీళ్ళది అని అధికారులు చెప్పినప్పుడు ఎందుకు ఒప్పుకోరు? ఎప్పుడు ఒప్పుకుంటారు? డెబ్భై ఏళ్ళ ఆ తగవుల్లో ఈ ప్రశ్నకి జవాబు ఉందని నేను నమ్ముతున్నాను.

సరస్సు మీద తగవు

సియాటిల్‌కి ఒకప్పుడు చెప్పుకోదగ్గ పెద్ద లీగు జట్టు ఏదీ లేదు. బాస్కెట్‌బాల్ జట్టు 1967లో గానీ రాలేదు. అంతకు ముందు ఈ ప్రాంతం గుండె కొట్టుకున్నది హైడ్రోప్లేన్ల కోసం. నీటిని చీల్చుకుని కాకుండా నీటి పైతలాన్ని అంటీ అంటనట్టు తాకుతూ పరుగెత్తే పడవలివి. 1950 జూన్ 26న స్టాన్లీ సేయర్స్ తన ‘స్లో-మో-షన్ 4’ పడవని వాషింగ్టన్ సరస్సు మీద గంటకి 160 మైళ్ళకి పైగా నడిపి ప్రపంచ రికార్డు సాధించాడు. అంతకు ముందు రికార్డు 141 మైళ్ళ చిల్లర. పడవ రూపకర్త టెడ్ జోన్స్, కట్టినవాడు ఆంకర్ జెన్సెన్, ఇద్దరూ ఈ ప్రాంతం వాళ్ళే. అదే ఏడాది ఆ పడవ డెట్రాయిట్ వెళ్ళి గోల్డ్ కప్ అనే పడవ పందెం గెలుచుకొచ్చింది. గెలిచినవాళ్ళ ఊళ్ళోనే మరుసటి ఏడు పందెం పెట్టాలన్నది ఆనాటి ఆనవాయితీ. అలా 1951 నుంచి 1955 దాకా గోల్డ్ కప్ సియాటిల్‌లోనే జరిగింది. డెట్రాయిట్ వాళ్ళకి అది మింగుడు పడలేదు. రెండు ఊళ్ళ మధ్య పంతం పెరిగింది.

1955లో సియాటిల్ కుర్రాడు కాదుగానీ సియాటిల్ తనవాడిగా చేసుకున్న బిల్ మన్సీ ‘మిస్ త్రిఫ్ట్‌వే’ నడిపాడు. చివరి హీటు, అంటే పందెంలో చివరి విడత, అయ్యేసరికి కప్పు తమదేనని అతని మనుషులు సంబరాలు మొదలుపెట్టారు. ఆ తర్వాత లెక్క తేలింది. మొత్తం పందేన్ని అందరికన్నా తక్కువ సమయంలో ముగించిన పడవకి 400 పాయింట్ల బోనస్ ఉండేది. తొంభై మైళ్ళ మొత్తం పరుగులో డెట్రాయిట్ పడవ ‘గేల్ 5’ 4.536 సెకన్లు ముందుంది. బోనస్ దానికే పోయింది, కప్పూ దానికే పోయింది. సియాటిల్ ఏడ్చింది కానీ తగువు పెట్టుకోలేదు. నియమం ముందే రాసి ఉంది, గడియారం చెప్పిన అంకె అందరి ముందూ ఉంది. నా వ్యాసానికి ఇది ముఖ్యమైన సంగతి.

మరుసటి ఏడాది, 1956లో, పందెం డెట్రాయిట్ నది మీద జరిగింది. సాధన పరుగులోనే ‘స్లో-మో-షన్ 4’ ముక్కలైంది. దాన్ని నడుపుతున్న జో టాగర్ట్ తీవ్రంగా గాయపడ్డాడు. సియాటిల్ ఆశలన్నీ మిస్ త్రిఫ్ట్‌వే మీద నిలిచాయి. పోటీ పడవ ‘మిస్ పెప్సీ’, దాని చోదకుడు చక్ థాంప్సన్. నీటి మీద దారి ఎక్కడ మలుపు తిరగాలో చెప్పడానికి బోయాలు, అంటే తేలే గుర్తులు, పెడతారు. మన్సీ చివరి హీటులో ఒక బోయాని ఢీకొట్టాడని అధికారులు తేల్చారు. అతన్ని పక్కన పెట్టి మిస్ పెప్సీని విజేత అన్నారు. సియాటిల్ భగ్గుమంది. మా పెద్దాయనకి అప్పుడు పదేళ్ళ పైచిలుకు వయసు. మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, బడి బస్సులో అదే మాటట. పడవ బోయాని తాకిందా లేదా?

తగవు అమెరికా పవర్‌బోట్ సంఘం దాకా వెళ్ళింది. ఫిల్ములు తెప్పించి చూశారు. మన్సీ పడవ దాటిపోయాక కూడా ఆ బోయా నీళ్ళలో తేలుతూనే కనిపించింది. ఎనభై అయిదు రోజుల తర్వాత గోల్డ్ కప్ మిస్ త్రిఫ్ట్‌వేదేనని తీర్పు వచ్చింది. దాంతో 1957 పందెం మళ్ళీ సియాటిల్‌కి తిరిగొచ్చింది, అందులోనూ మన్సీయే గెలిచాడు. గట్టు మీద నిలబడి చూసిన మనిషి కన్ను ఒకటి చెబితే ఫిల్ము ఇంకొకటి చెప్పింది. పందేల చరిత్రలో ఇదొక మలుపు. ఆ రోజు నుంచి ప్రతి అభిమానీ ‘ఫిల్ము ఏదీ?’ అని అడగడం నేర్చుకున్నాడు.

సాక్షి, గుంపు, గడువు

ఫిల్ము లేని చోట ఏం చేసేవారు? మనుషుల మాట మీద ఆధారపడేవారు. 1958 ఆగస్టులో పోర్చుగల్‌లోని పోర్టో వీధుల్లో జరిగిన ఫార్ములా వన్ పందెంలో మైక్ హాథార్న్ కారు గింగిరాలు తిరిగి ఆగిపోయింది. దాన్ని మళ్ళీ నడిపించే ప్రయత్నంలో అతను దారికి ఎదురుదిశలో వెళ్ళాడని ఆరోపణ వచ్చింది. రుజువైతే అతని రెండో స్థానం, దాని ఆరు పాయింట్లు పోయినట్టే. అప్పుడు అతని పక్షాన సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చినవాడు స్టిర్లింగ్ మాస్. ప్రపంచ ఛాంపియన్ పట్టం కోసం హాథార్న్‌తో పోటీ పడుతున్నవాడు మాసే. హాథార్న్ పందెం దారి మీద కాదు, దాని పక్కన ఉన్నాడని మాస్ అధికారులకి చెప్పాడు. పాయింట్లు నిలిచాయి. ఏడాది చివర హాథార్న్ 42, మాస్ 41. ఆ ఏడాది నాలుగు పందేలు గెలిచిన మాస్, ఒకే ఒక్కటి గెలిచిన హాథార్న్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడాడు. తర్వాత కూడా ఎన్నడూ ఛాంపియన్ కాలేదు. తన నోటితో చెప్పిన నిజానికి అంత వెల చెల్లించినవాడు మోటారు పందేల్లో ఇంకొకడు లేడని నా అభిప్రాయం.

సాక్షి ధర్మం అలా ఉంటే, గుంపు బలం ఇంకోలా ఉంటుంది. 1976 జులైలో ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హాచ్‌లో మొదటి మలుపులోనే లౌడా, రెగజోని నడుపుతున్న ఫెరారీలు ఒకదానికొకటి తగిలాయి. వెనకే వస్తున్న జేమ్స్ హంట్ కారు దెబ్బతింది. పందెం ఆపి మళ్ళీ మొదలుపెట్టాలన్నారు. హంట్ మొదటి ల్యాప్, అంటే మొదటి చుట్టు, పూర్తిచేయకుండా అడ్డదారిన, కార్లు బాగుచేసే పిట్‌లకి వచ్చాడు కాబట్టి అతనికి మళ్ళీ అవకాశం లేదని అధికారులు చెప్పారు. సొంత దేశంలో సొంత కుర్రాడు. జనం లయగా చప్పట్లు కొడుతూ, అరుస్తూ, చేతికందినవి విసరడం మొదలుపెట్టారు. వాదనలు సాగుతుండగానే మెకానిక్కులు హంట్ కారు బాగుచేశారు. చివరికి అతన్ని అనుమతించారు. హంట్ గెలిచాడు. రెండు నెలల తర్వాత సెప్టెంబరులో ప్యారిస్ నుంచి తీర్పు: గెలుపు చెల్లదు, లౌడాది. ఆ రోజు గుంపుకి భయపడి ఇచ్చిన అనుమతి రెండు నెలలే నిలిచింది. ఏడాది చివర హంట్ 69, లౌడా 68 పాయింట్లతో హంటే ఛాంపియన్ అయ్యాడు గనుక ఇంగ్లండ్ అభిమానులు ఆ చేదుని మరిచిపోగలిగారు.

ఇక గడువు సంగతి. అమెరికాలో కారు పందెం అంటే ఇండియానాపోలిస్ 500. 1981 మే 24న బాబీ అన్సర్ ఆ పందెంలో మొదట గీత దాటాడు. మారియో ఆండ్రెట్టి అయిదు సెకన్ల వెనక ఉన్నాడు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అధికారిక ఫలితం గోడకి అంటించినప్పుడు మొదటి పేరు ఆండ్రెట్టిది. ప్రమాద సూచనగా పసుపు జెండా ఊపుతుండగా పిట్ నుంచి బయటికొచ్చిన అన్సర్ ఎనిమిది కార్లని దాటేశాడనీ, అది నిషేధమనీ, కాబట్టి ఒక ల్యాప్ కోత విధించామనీ చెప్పారు. పిట్ నుంచి వచ్చే కారు పక్కదారి మీంచి ప్రధాన దారిలోకి ఎక్కడ కలవాలి? మొదటి మలుపు దగ్గరా, రెండో మలుపు దాటాకా? నియమం స్పష్టంగా లేదు. తను రెండో మలుపు దాకా పక్కదారిలోనే ఉన్నాను కాబట్టి తప్పు లేదని అన్సర్ వాదించాడు. ఆండ్రెట్టి కూడా కొన్ని కార్లని దాటాడని అతని వర్గం ఎత్తిచూపింది. అక్టోబరు 8న, అంటే 137 రోజుల తర్వాత, ముగ్గురు సభ్యుల అప్పీలు బృందం ఇద్దరి మొగ్గుతో తీర్పిచ్చింది. గెలుపు అన్సర్‌దే, కానీ 40 వేల డాలర్ల జరిమానా కట్టాలి.

ఆ తీర్పు సారం నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. తప్పు జరిగినప్పుడే శిక్ష వేసి ఉంటే అన్సర్‌కి ఆ లోటు పూడ్చుకునే ల్యాపులు ఇంకా ఎన్నో మిగిలి ఉండేవి. పందెం ముగిశాక రాత్రంతా కూర్చుని వేసిన శిక్షకి జవాబు చెప్పుకునే దారి అతనికి లేదు. 1956లో ప్రశ్న ‘ఏం జరిగింది?’ అన్నది. 1981లో జరిగింది ఏమిటో ఎవరికీ సందేహం లేదు, ఆ రాత్రే దేశమంతా టీవీలో చూసింది. ప్రశ్న మారింది. ‘జరిగినదానికి ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి?’ ఇప్పటికీ అభిమానులు కొట్టుకునేది ఆ రెండో ప్రశ్న మీదే.

షోలవరం నుంచి బుద్ధ్ దాకా

మాది సూళ్ళూరుపేట. మద్రాసు దారిలో బస్సెక్కితే షోలవరం ఎంతో దూరం కాదు. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల దారి మీద అక్కడ ఏటా కార్లూ, మోటార్‌సైకిళ్ళూ పందేలాడేవి. 1980లలో మా నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. కోయంబత్తూరు కరివర్ధన్, విజయ్ మాల్యా లాంటివాళ్ళు నడిపిన రోజులవి. ఎండలో నిలబడి, చెవులు చిల్లులు పడే చప్పుడులో, మైకులో ఏం చెబుతున్నారో వినపడేది కాదు. ఎవరికైనా శిక్ష పడితే ఆ సంగతి ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకుతూ మా దగ్గరికి వచ్చేసరికి నాలుగు రకాల కారణాలు తయారయ్యేవి. తిరుగు బస్సులో ఆ నాలుగింటి మీదా వాదన. మా నాయన మాత్రం ఒక్కటే అనేవాడు: “కారణం చెప్పకుండా కొట్టిన దెబ్బ మనసులోనే ఉండిపోద్దిరా.”

ఆ పందేలు తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గరి కొత్త ట్రాక్‌కి తరలిపోయాయి. అక్కడ ఆరితేరిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కి వెళ్ళిన మొదటి భారతీయుడయ్యాడు. మన దేశానికి మొదటి పాయింట్లు వచ్చిన రోజు కూడా ఒక వివాదం నడుమనే వచ్చింది. 2005 జూన్ 19, ఇండియానాపోలిస్. శుక్రవారం సాధనలో రాల్ఫ్ షూమాకర్ కారు గోడకి గుద్దుకున్నాక, ఏటవాలు మలుపులో తమ టైర్లు నిలుస్తాయని హామీ ఇవ్వలేమని మిషెలిన్ చెప్పింది. ఆ మలుపుకి ముందు వేగం తగ్గించే వంపు పెట్టమని జట్లు కోరాయి. ముందే ఖరారైన దారిని ఆఖరి నిమిషంలో మార్చడం కుదరదనీ, అది సరైన టైర్లు తెచ్చుకున్నవాళ్ళకి అన్యాయమనీ ఫార్ములా వన్‌ని నియంత్రించే సంస్థ ఎఫ్‌ఐఏ నిరాకరించింది. మిషెలిన్ టైర్ల 14 కార్లు ఒక చుట్టు తిరిగి పిట్‌లలోకి వెళ్ళిపోయాయి. మిగిలిన ఆరు కార్లతో పందెం నడిచింది. కార్తికేయన్ నాలుగో స్థానం, అయిదు పాయింట్లు. టిక్కెట్లు కొనుక్కుని వచ్చిన అమెరికన్లు సీసాలు విసురుతూ ఉంటే, టీవీ ముందు కూర్చున్న నాలాంటి భారతీయుడికి ఆనందపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. నియమం దృష్ట్యా ఎఫ్‌ఐఏ తప్పు చేయలేదు. లక్షమందిని మోసపోయినట్టు ఇంటికి పంపిన నిర్ణయాన్ని ‘నియమం’ అనే ఒక్క మాటతో సమర్థించడం మాత్రం నాకు ఈనాటికీ చేతకాదు.

ఏడేళ్ళ తర్వాత కార్తికేయన్ శిక్ష అందుకునే వైపు నిలబడ్డాడు. 2012 మార్చిలో మలేసియాలో తనని ఒక ల్యాప్ దాటి వెళ్తున్న వెటెల్ కారు టైరు కార్తికేయన్ కారు తగిలి చిరిగింది. వెటెల్ పాయింట్లు పోయాయి. కార్తికేయన్‌కి 20 సెకన్ల శిక్ష వేశారు. అదే పందెంలో అంతకు ముందు జెన్సన్ బటన్ వచ్చి కార్తికేయన్‌ని గుద్దాడు, తప్పు తనదేనని బటన్ ఒప్పుకున్నాడు. నెమ్మది కారులో వెనక నడిచేవాడికి అద్దంలో చూసుకోవడమే సగం పందెం. దారి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదే అన్నది నియమం. దాటేవాడికి కొంచెం ఓపిక ఉండాలన్నది మా వాదన. ఆ వాదనలో దేశాభిమానం పాలు ఎక్కువని ఒప్పుకోవాలి.

మన నేల మీదే జరిగిన బుద్ధ్ సర్క్యూట్ పందేల్లోనూ స్టివార్డులకి, అంటే పందెం తీర్పరులకి, పని తప్పలేదు. 2011 అక్టోబరు 30న మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రిలో లోపలి వైపు నుంచి దూరిన హామిల్టన్‌కీ, మలుపు తిరిగిన మాసాకీ ఢీ. శిక్ష మాసాకి పడింది, పిట్ దారి గుండా ఒకసారి వెళ్ళి రావాలి. హామిల్టన్ పూర్తిగా పక్కకి రాలేదు, ముందున్నవాడిదే దారి అని ఒక పక్షం. పక్కన కారుందని తెలిసీ మాసా తలుపు మూశాడని ఇంకో పక్షం. 2013లో వెటెల్ అక్కడే నాలుగో పట్టం గెలిచి, ప్రేక్షకుల ముందు కారుని గిరగిరా తిప్పి, దిగి దణ్ణం పెట్టాడు. కారుని నేరుగా తనిఖీ స్థలానికి తీసుకురాలేదని అతనికి మందలింపు, జట్టుకి 25 వేల యూరోల జరిమానా. నియమం సరైనదే, పందెం ముగిశాక కారు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. అయినా ఆ దణ్ణం చూసిన జనం ఆ జరిమానాని తమ సంతోషానికి వేసిన జరిమానాగానే తీసుకున్నారు.

తెల్లవారుజాము అయిదింటికి

అబు దాబీలో సాయంత్రం అయిదైతే మా బాతెల్‌లో తెల్లవారుజాము అయిదు. 2021 డిసెంబరు 12న అక్కడి ఫార్ములా వన్ పందెం చూడ్డానికి కేన్యన్ పార్క్ దగ్గర మా బావమరిది ఇంట్లో చేరాం. బయట చీకటి, వాన. హామిల్టన్, వెర్‌స్టాపెన్ సమానమైన పాయింట్లతో చివరి పందేనికి వచ్చారు. 58 ల్యాపుల్లో 53వ ల్యాపు దాకా హామిల్టన్‌దే ఆధిక్యం. లతీఫీ కారు గోడకి కొట్టుకుంది, కార్లన్నిటినీ తన వెనక నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వచ్చింది. వెర్‌స్టాపెన్ కొత్త టైర్లు వేసుకున్నాడు. ఒక ల్యాప్ వెనకబడిన కార్లు ఎనిమిది ఉన్నాయి. పందెం అధికారి మైకేల్ మాసీ అందులో హామిల్టన్‌కీ వెర్‌స్టాపెన్‌కీ మధ్య ఉన్న అయిదింటిని మాత్రమే ముందుకి వెళ్ళమన్నాడు. ఆపైన ఇంకొక ల్యాప్ ఆగాల్సిన సేఫ్టీ కార్‌ని వెంటనే లోపలికి పిలిచాడు. ఒక్క ల్యాప్ పందెం మిగిలింది. వెర్‌స్టాపెన్ దాటేశాడు.

“బావా, పందెం సేఫ్టీ కార్ వెనక ముగిస్తే నీకు బాగుండేదా? జట్లన్నీ అలా ముగించొద్దనే కదా ముందు నుంచీ అడిగాయి!” అని మా బావమరిది.

“ముగించొద్దంటే పద్ధతి ప్రకారం ముగించొద్దని. ఎనిమిదినీ వదిలి ఒక ల్యాప్ ఆగాలి, లేదా ఎవర్నీ వదలకూడదు. అయిదింటిని ఏరి పంపడం ఎక్కడ రాసుంది?” అని నేను.

మాతో ఉన్న కుర్రాడొకడు, “అన్నా, హామిల్టన్ టైర్లు మార్చుకుని ఉంటే ఈ గొడవే లేదు కదా” అన్నాడు. మార్చుకుంటే వెర్‌స్టాపెన్ మార్చుకోకుండా ముందుకి వచ్చేవాడు. పద్ధతి ప్రకారం ఏం జరుగుతుందో అంచనా వేసుకుని జట్టు నిర్ణయం తీసుకుంటుంది. ఆ పద్ధతే మధ్యలో మారితే అంచనా వేసినవాడు ఓడిపోతాడు. నా కోపమంతా అక్కడుంది. హామిల్టన్ జట్టు మెర్సిడెస్ చేసిన ఫిర్యాదులు రెండింటినీ ఆ రాత్రే కొట్టేశారు. మాసీని ఫిబ్రవరిలో ఆ పదవి నుంచి తప్పించారు. మార్చిలో వచ్చిన ఎఫ్‌ఐఏ నివేదిక అది మానవ పొరపాటు అంటూనే, మాసీ సదుద్దేశంతోనే వ్యవహరించాడనీ, ఫలితం చెల్లుతుందనీ చెప్పింది. ఇక్కడ ఫిల్ము ఉంది, రేడియో మాటలు ఉన్నాయి, ప్రతి కారు ఎక్కడుందో అంగుళాలతో సహా తెలుసు. ఇంత తెలిసీ తగవు ఆగలేదు.

హుస్సేన్ సాగర్ ఒడ్డున

నా ఉద్యోగం ఆసుపత్రుల్లో వాడే అల్ట్రాసౌండ్ యంత్రాలని పరీక్షించడం. కొలత విషయంలో రాజీ పడని పని అది. అందుకని 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగిన విద్యుత్ కార్ల ‘ఫార్ములా ఈ’ పందెం నాకు మిగతావాటికన్నా ఎక్కువ ఆలోచన పెట్టింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున, కొత్త సచివాలయం, లుంబినీ పార్కు, నెక్లెస్ రోడ్డు చుట్టూ 2.83 కిలోమీటర్ల దారి. బుద్ధ్ తర్వాత పదేళ్ళకి మన దేశంలో ప్రపంచ స్థాయి కారు పందెం, అదీ తెలుగు నేల మీద. ఇక్కడ అర్ధరాత్రి దాటాక మెలకువగా కూర్చుని చూశాం.

జాన్ ఎరిక్ వెర్న్, వెనకే అర సెకను తేడాలో నిక్ కాసిడీ, మూడోవాడు సెబాస్టియన్ బ్యుయేమి గీత దాటారు. కాసేపటికి బ్యుయేమికి 17 సెకన్ల శిక్ష ప్రకటించారు. అతను ఎవర్నీ గుద్దలేదు, ఎవరి దారికీ అడ్డు పోలేదు, జెండాని ధిక్కరించలేదు. కారు అనుమతించిన హద్దుకి మించి విద్యుత్ శక్తిని వాడిందని కొలత యంత్రం చెప్పింది. మామూలు సమయంలో 300 కిలోవాట్లు, అదనపు వేగం తీసుకునే వేళ 350, అంతకు మించకూడదు. బ్యుయేమి పాయింట్లు లేని చోటికి జారిపోయాడు. నాలుగోవాడైన ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకి మూడో స్థానం దక్కింది. అది అతని నూరో పందెం.

గ్యాలరీల్లో కూర్చున్న హైదరాబాదీలకి ఆ తప్పు కనపడే వీలే లేదు. సియాటిల్ జనం బోయా కోసం కళ్ళు చికిలించి చూశారు, ఇండియానాపోలిస్ జనం టీవీలో కార్లు లెక్కపెట్టారు. హైదరాబాద్‌లో కన్నుకి పని లేదు. తప్పు ఒక తీగలో ప్రవహించింది, ఒక తెర మీద అంకెగా పైకొచ్చింది. అలాంటి తీర్పుని ప్రేక్షకుడు నమ్మకం మీద మాత్రమే తీసుకోగలడు. ఆ నమ్మకం ఊరికే రాదు. ఎంత మించింది, ఎంతసేపు మించింది, ఏ నియమం ప్రకారం 17 సెకన్లు అయింది అని అడిగినవాడికి జవాబు అందితేనే వస్తుంది. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో హైదరాబాద్ పందెం రద్దయింది. ఆ చర్చ అక్కడితో ఆగిపోవడం నాకు బాధగానే ఉంది.

తీర్పు చెప్పేవాళ్ళు, వినేవాళ్ళు

మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి తెలుసు. గడియారం అందరి ముందూ ఆగుతుంది, టేపు అందరి ముందూ పరుస్తారు, అడుగులు, అంగుళాలు మైకులో చెబుతారు. ఓడిన రైతు మీసం దించుకుని వెళ్తాడు గానీ కొలతని తిట్టడు. ఫార్ములా వన్ ఆ దారిలోకి మెల్లగా వచ్చింది. 2010 నుంచి స్టివార్డులలో ఒక మాజీ డ్రైవరుని కూర్చోబెడుతున్నారు. 2014 నుంచి డ్రైవర్ల లైసెన్సు మీద శిక్ష పాయింట్లు లెక్కిస్తున్నారు. పన్నెండు నెలల్లో పన్నెండు చేరితే ఒక పందెం నిషేధం, 2024లో కెవిన్ మాగ్నుసెన్‌కి అది మొదటిసారి అమలైంది. ఏ తప్పుకి ఎంత శిక్ష అనే మార్గదర్శకాలని ఎఫ్‌ఐఏ 2025 జూన్‌లో అందరూ చదువుకునేలా విడుదల చేసింది. అంతకు ముందు ఆ కాగితం జట్ల దగ్గరే ఉండేది. డెబ్భై ఏళ్ళ తగవుల్లో అభిమానులు గెలుచుకున్న అతి పెద్ద విజయం అదేనని నేనంటాను.

అభిమానుల వైపు తప్పు కూడా చెప్పాలి. 2022 అక్టోబరులో టెక్సస్‌లోని ఆస్టిన్ పందెంలో అలోన్సో కారు అద్దం ఊడిపోయినా నడిచిందన్న ఫిర్యాదు మీద 30 సెకన్ల శిక్ష వేశారు. జట్టు మళ్ళీ అర్జీ పెట్టుకుంటే, ఆ ఫిర్యాదే గడువు దాటి వచ్చిందని శిక్ష తీసేశారు. వ్యవస్థ తన తప్పుని తనే దిద్దుకుంది. ఈలోగా అక్కడ స్టివార్డుగా ఉన్న సిల్వియా బెలోట్‌కి చంపుతామని బెదిరింపులు వెళ్ళాయి. ఈ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేకుండా, ఆట మీద ప్రేమతో వచ్చేవాళ్ళు. వాళ్ళని బెదిరించిన రోజున మన వాదనకి విలువ పోతుంది. బ్రాండ్స్ హాచ్ గుంపు సంపాదించిన అనుమతి రెండు నెలలే నిలిచిందని గుర్తుపెట్టుకోవాలి. మాస్ ఒక్కడు చెప్పిన సాక్ష్యం మాత్రం ఇన్నేళ్ళైనా నిలిచే ఉంది.

ఇంత చదివాక నాకు తేలింది ఇది. ఏం జరిగిందన్న తగవుని యంత్రాలు దాదాపు తీర్చేశాయి. దానికి ఏం చేయాలన్న తగవు యంత్రాల వల్ల తీరదు. అది మనుషులు ముందే రాసుకున్న నియమం వల్ల, పందెం నడుస్తుండగానే చెప్పిన తీర్పు వల్ల, విప్పి చెప్పిన కారణం వల్ల తీరుతుంది. ఈ మూడింటిలో ఏది లోపించినా 85 రోజులో, 137 రోజులో, అబు దాబీ లాగా ఏళ్ళో పడుతుంది.

నా తోటి అభిమానులకి నేను చెప్పేది ఒక్కటే. తీర్పు వచ్చిన వెంటనే దాని కాగితం చదవండి. ఏ నియమం, ఏ కొలత, ఏ కారణం అన్నది చూడండి. ఆ తర్వాత ఎంతసేపైనా వాదించండి, తీర్పుతో వాదించండి, మనిషితో కాదు. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో విశాఖలోనో మళ్ళీ పందెం పెట్టేవాళ్ళకి నా విన్నపం కూడా ఒకటుంది. శిక్ష వేసిన ప్రతిసారీ దాని కారణాన్ని గ్యాలరీల ముందున్న తెర మీద తెలుగులో రెండు వాక్యాల్లో వేయండి. డబ్బు పెట్టి టిక్కెట్టు కొని ఎండలో కూర్చున్నవాడికి ఆ రెండు వాక్యాలు తెలుసుకునే హక్కుంది.